డెక్సా స్కాన్‌కు అందని చక్కెర దెబ్బ

తీపి తింటే ఎముకల్లో కాల్షియం కరిగిపోతుందన్న మాట తరచూ వినిపిస్తుంటుంది. అందులో నిజం చిటికెడే. గ్లూకోజ్ తాగాక కొద్ది గంటలు మూత్రంలో కాల్షియం పెరుగుతుంది, నిజమే. కానీ అదే సమయంలో ఎముక అరుగుదలను చూపే సీటీఎక్స్ అనే పదార్థం రక్తంలో బాగా తగ్గుతుంది. తిండి ప్రభావం పడకూడదనే ఆ పరీక్షకు పరగడుపున రక్తం తీస్తారు. చక్కెర చేసే అసలు చేటు నెమ్మదిగా, మరో దారిలో జరుగుతుంది.

ఎముకలోని సేంద్రియ భాగంలో దాదాపు 90 శాతం కొల్లాజెన్. ఖనిజం గట్టిదనాన్నిస్తే, దెబ్బ తగిలినప్పుడు కాస్త సాగి ఆ తాకిడిని ఓర్చుకునేవి ఈ కొల్లాజెన్ పోగులు. రక్తంలో గ్లూకోజ్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అది పోగులకు అంటుకుని, వాటి మధ్య అక్కర్లేని ముడులు వేస్తుంది. పెంటోసిడిన్ అలాంటి ముడే. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న గ్లూకోజ్‌నే హెచ్‌బీఏ1సీ పరీక్షలో కొలుస్తారు. ఎముకలో జరిగేదీ ఆ కోవలోదే. కాకపోతే ఎర్ర రక్తకణం సుమారు 120 రోజుల్లో పోతుంది, పెద్దవాళ్ల ఎముక మాత్రం ఏడాదికి 10 శాతమే కొత్తదవుతుంది. పడ్డ ముడి అంత తేలిగ్గా పోదు. సాగే గుణం పోయిన ఎముక పెళుసుబారుతుంది.

టైప్ 2 మధుమేహంలో కనిపించే వింత దీంతో కొంత అర్థమవుతుంది. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ ఇచ్చే అంకె, అంటే టి-స్కోర్ బాగానే ఉంటుంది, ఒక్కోసారి మామూలు కంటే మెరుగ్గా కూడా. అయినా తుంటి ఎముక విరిగే ముప్పు ఎక్కువే. డెక్సా లెక్కపెట్టేది ఖనిజాన్ని, పోగుల నాణ్యతను కాదు. ప్రశ్నలకు ఇచ్చిన జవాబులతో ఎముక విరిగే ముప్పును అంచనా వేసే ఫ్రాక్స్ అనే లెక్క కూడా వీరి విషయంలో తక్కువ చూపుతుంది. అందుకే కొందరు వైద్యులు అందులోని రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) గడిలో, ఆ జబ్బు లేకపోయినా, ‘అవును’ పెట్టి ఆ లోటు సరిచేస్తారు. మధుమేహం ఉన్నవారు నార్మల్ రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండటం పొరపాటు.

ఇక ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లో లోలోపల ఉండే వాపు. మొత్తం కేలరీలు మార్చకుండా చక్కెర రకాన్ని మాత్రమే మార్చిన ప్రయోగాల్లో, ఆ వాపును రక్తంలో చూపే సీఆర్‌పీలో పెద్ద తేడా సాధారణంగా కనిపించలేదు. అవసరానికి మించి తిన్నప్పుడే చిక్కు. మితిమీరిన ఫ్రక్టోజ్‌లో కొంత కాలేయంలో కొవ్వుగా మారుతుంది, నడుము చుట్టూ కొవ్వు పేరుకుంటుంది. ఆ కొవ్వు నుంచి వచ్చే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 లాంటి వాపు రసాయనాలు ర్యాంక్‌ఎల్ అనే ప్రోటీన్‌ను పెంచుతాయి, అది ఎముకను తొలిచే ఆస్టియోక్లాస్ట్ కణాలను ఉసిగొల్పుతుంది. కాబట్టి సీఆర్‌పీ ఒక్కటే కాదు, నడుము కొలత కూడా చూసుకోవాలి.

చక్కెరపై నేరం మోపడానికి చాలామంది 2006 నాటి ఫ్రామింగ్‌హామ్ అధ్యయనాన్ని చూపుతారు. రోజూ కోలా తాగే మహిళల తుంటి ఎముక సాంద్రత తక్కువగా ఉందన్నది నిజం. కానీ డైట్ కోలాతోనూ అలాంటి ఫలితమే వచ్చింది! అక్కడ చక్కెరను దోషిగా నిలబెట్టడం కుదరదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చక్కెరకు 2015లో పెట్టిన హద్దు రోజువారీ శక్తిలో 10 శాతం లోపు. 2000 కేలరీలు తినేవారికి ఇది 50 గ్రాములు. 5 శాతానికి, అంటే 25 గ్రాములకు తగ్గిస్తే ఇంకా మేలు. చెంచాకు 4 గ్రాముల లెక్కన 6 చెంచాలు. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బా ఒక్కదానిలోనే 35 గ్రాములుంటాయి. తేనె, పళ్లరసం ఈ లెక్కలోకి వస్తాయి, కొరికి తినే పండు రాదు. లేబుల్ మీద డెక్స్‌ట్రోజ్, కార్న్ సిరప్, గాఢ పళ్లరసం అని ఉన్నా చక్కెరే. ముందు తీపి పానీయాలు మానితే సగం పని అయినట్టే.

ఇన్సులిన్, సల్ఫొనైల్‌యూరియా రకం షుగర్ మాత్రలు వాడే పెద్దవయసువారు మాత్రం డాక్టరుతో మందు మోతాదు మాట్లాడకుండా తీపిని, పిండిపదార్థాలను ఒక్కసారిగా తగ్గించకూడదు. షుగర్ బాగా పడిపోతే కళ్లు తిరిగి కిందపడతారు, అప్పటికే పెళుసుబారిన తుంటి ఎముక విరిగేది అలా పడ్డప్పుడే.