వినతిపత్రంతో ఆగిపోతే చాలదు
పట్టణంలో ఏ భూమి దేనికి వాడాలో, రోడ్లు ఎంత వెడల్పు ఉండాలో చెప్పే మాస్టర్ ప్లాన్ ముసాయిదాపై వినతిపత్రం ఇచ్చేస్తే ఆర్కిటెక్టుల సంఘం బాధ్యత తీరిపోతుందని, ఆపైన చేసేదంతా రాజకీయమని ఒక వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. "రోడ్ల వెడల్పు పునఃపరిశీలించాలి" అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చే ఉత్తరం ఫైల్లో పడి ఉంటుంది తప్ప దానికి జవాబు రాదు. అభ్యంతరం నిలబడాలంటే మ్యాపు షీట్ నంబరు, సర్వే నంబరు, ఇప్పుడున్న వెడల్పు, ప్రతిపాదించిన వెడల్పు, ఆ రోడ్డు గీత కింద పోయే ఇళ్లు, బావులు అన్నీ ఒక్క పేజీలో ఉండాలి. అసలు చిక్కు అక్కడే. ఏ భూమి ఏ జోన్‌లో ఉందో రంగులతో చూపే మ్యాపు మీద సర్వే నంబర్ల హద్దులు స్పష్టంగా ఉండకపోతే తన మడి ఏ రంగులో పడిందో రైతుకు తెలియదు. సర్వే నంబర్ల హద్దులు చూపే గ్రామ నక్షాను ఆ మ్యాపు మీద సరిగ్గా కూర్చి, వార్డులవారీగా ప్రింట్లు తీసి గోడకు అంటించగలిగేది ఆర్కిటెక్టులే. అదీ అభ్యంతరాల గడువు మొదలైన మొదటి వారంలోనే జరగాలి, చివరి వారంలో చేస్తే ఎవరికీ అందదు. కామారెడ్డిలో ఇండస్ట్రియల్ జోన్ మీద రైతులు రోడ్డెక్కాక, 2023 జనవరిలో అక్కడి మున్సిపల్ కౌన్సిల్ మాస్టర్ ప్లాన్ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. అంటే తీర్మానం చేసే చోటు కౌన్సిలే. 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాలకు వార్డు కమిటీలు ఉండాలంది. సంఘం సభ్యులు వాటిలో కూర్చోవాలి, ఎజెండా కాపీ ముందే అడిగి తీసుకోవాలి. ఒక్క షరతు: ఆ వార్డులో సొంత ప్రాజెక్టు ఉన్న సభ్యుడు ఆ విషయం ముందే చెప్పి చర్చ నుంచి తప్పుకోవాలి.