స్టెన్సిల్‌లోంచి రాలిన చంద్రుడు

1983లో నేనూ నా గదిమిత్రుడూ ఒక బొమ్మల కవితల పుస్తకం వేద్దామనుకున్నాం. ప్రెస్సుకు ఇచ్చే స్తోమత లేదు. కాలేజీ ఆఫీసులో ప్రశ్నపత్రాలు తీసే సైక్లోస్టైల్ యంత్రం ఉంది. దాన్ని తిప్పే అటెండరు గారికి కవుల మీద కాస్త జాలి కూడా ఉంది. 24 పేజీలు, 50 కాపీలు అని లెక్క వేసుకున్నాం.

పని తేలికే అనిపించింది. స్టెన్సిల్ అనే, మైనం పూసిన పల్చటి కాగితం మీద ఉక్కుమొన కలంతో గీయాలి. మైనం చెదిరిన చోటల్లా డ్రమ్ములోని సిరా కిందికి దిగుతుంది. చేయి కాస్త బరువైతే మాత్రం మైనంతోపాటు కాగితమూ తెగి, గుండ్రాల నడిమి ముక్క ఊడిపోతుంది. ఇంగ్లీషు టైపు కొట్టేవాళ్లకు ‘ఓ’ లాంటి కొన్ని అక్షరాలే గండం. మనకో, తలకట్లు తీసేస్తే మిగిలేవన్నీ గుండ్రాలే! 1881లో లండన్‌లో సైక్లోస్టైల్‌కు పేటెంటు పొందిన డేవిడ్ గెస్టెట్నర్ హంగరీలో పుట్టాడు కాబట్టి సరిపోయింది. తెనాలిలో పుట్టి ఉంటే మరో వ్యాపారం చూసుకునేవాడు.

మొదటి పేజీలో ‘అందం’ అని రాశాను. రెండు సున్నల నడిమి ముక్కలూ ఊడిపోయి, అచ్చులో వాటి చోట రెండు నల్ల లడ్డూలు తేలాయి.

“సున్నను పూర్తిగా మూయకూడదు బాబూ! సార్లు చిన్న సందు వదులుతారు” అన్నారు అటెండరు గారు. రంధ్రాలు పూడ్చడానికి ఎర్రటి ద్రావకం సీసా ఇచ్చారు. అది అడుగంటింది. మా మిత్రుడు వాళ్ల అక్కయ్య గోళ్ల రంగు తెచ్చాడు. పుస్తకం పూర్తయ్యేసరికి ఆమె పెళ్లిచూపులకు ఒట్టి గోళ్లతోనే కూర్చుందట.

ఇంత నేర్చుకున్నాక కూడా ముఖచిత్రం దగ్గర బుద్ధి గడ్డి తింది. కవిత పేరు ‘వెన్నెల’. వృత్తలేఖినితో నిండు చంద్రుణ్ణి గీశాను, ఎక్కడా సందు లేకుండా, ఎంతో గర్వంగా. పన్నెండు కాపీలు చక్కగా వచ్చాయి. పదమూడో కాపీకి చంద్రుడు స్టెన్సిల్ వదిలేసి కాగితానికి అతుక్కుని బయటికి వచ్చాడు. ఆపైన వచ్చిన ప్రతి కాపీ మీదా రూపాయి బిళ్లంత సిరా ముద్ద!

అంత రంధ్రానికి గోళ్ల రంగు ఏ మూలకు? మిగిలిన 37 కాపీల మీదా ‘వెన్నెల’ కొట్టేసి ‘గ్రహణం’ అని పెన్నుతో రాస్తూ కూర్చున్నాం. ప్రతిదానిలోనూ చివరి సున్నకు నేను చిన్న సందు వదిలానని మా మిత్రుడు చెప్పేదాకా నాకు తెలియలేదు.