ఎక్స్‌టెన్షన్ల సైటు మొదట చెప్పాల్సింది ఏమిటి?

నెల్లూరు ట్రంకురోడ్డు డీటీపీ షాపుల్లోనైనా, ఒంగోలు నెట్ సెంటర్లలోనైనా సాఫ్ట్‌వేర్‌కు అదనంగా తగిలించుకునే ఎక్స్‌టెన్షన్లు ఎక్కువగా పెన్‌డ్రైవుల్లో, వాట్సాప్ గ్రూపుల్లోనే చేతులు మారుతుంటాయి. డీటీపీలో వాడే అను ఫాంటులో కంపోజ్ చేసిన మేటరును ఏ కంప్యూటర్లోనైనా కనిపించే యూనికోడ్‌లోకి మార్చేది ఒకరి దగ్గర ఉంటే, లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ ఇచ్చే బిల్లును షాపుకు కావలసిన నమూనాలో ప్రింటు తీసే టీసీపీ ఫైలు మరొకరి దగ్గర ఉంటుంది. దాన్ని ఎవరు రాశారో, ఏ వెర్షను కోసం రాశారో అడిగే నాథుడు ఉండడు. వీటన్నిటినీ ఒకచోట చేర్చే తెలుగు వెబ్‌సైటు కావాలన్న ఆలోచన సబబైనదే. అయితే ఇలాంటి సైటుకు ప్లాను వేసేవాళ్లు హోంపేజీ అందంతో, కేటగిరీలతో, స్టార్ రేటింగులతో మొదలుపెడతారు. వచ్చినవాడికి కావలసినవి మాత్రం రెండే: ఇది నా కంప్యూటర్లో పనిచేస్తుందా, రేపు మొరాయిస్తే చూసే దిక్కెవరు?

మొదటి ప్రశ్న తేలికైనదేమీ కాదు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. విండోస్ 7 మీద క్రోమ్ 109వ వెర్షను దగ్గరే నిలిచిపోయింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 అక్కడ ఎక్కదు. ఇంకా విండోస్ 7తోనే నెట్టుకొస్తున్న షాపువాడికి కొత్త క్రోమ్ కోసం రాసిన ఎక్స్‌టెన్షన్ ఇచ్చి ప్రయోజనం లేదు. ఆ సంగతి అతనికి డౌన్‌లోడ్ చేయకముందే తెలియాలి, చేశాక వచ్చే ఇంగ్లీషు ఎర్రర్ మెసేజీ ద్వారా తెలియకూడదు.

దీనికి సైటు నడిపేవాళ్లు పెద్దగా కష్టపడనక్కర్లేదు. ఎక్స్‌టెన్షన్‌కు కనీసం ఏ వెర్షను కావాలో రాసుకునే చోటు ఆ ప్యాకేజీలోనే ఉంటుంది: క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లకైతే మేనిఫెస్ట్ ఫైలులో, ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ ఎక్స్‌టెన్షన్ (ఓఎక్స్‌టీ) ఫైలుకైతే డిస్క్రిప్షన్ ఫైలులో. అప్‌లోడ్ కాగానే సర్వరు దాన్ని విప్పి, చదివి, పేజీ నెత్తిన పెద్ద అక్షరాల్లో చూపాలి. రచయిత ఆ గడి ఖాళీగా వదిలేస్తే, అది నింపి తెమ్మని అప్‌లోడును తిప్పి పంపాలి. వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్‌కు ఎక్స్‌టెన్షన్ల లాంటివే ప్లగిన్లు; వాటి డైరెక్టరీలో చివరి మూడు ప్రధాన వెర్షన్లతో పరీక్షించని ప్లగిన్ పేజీ మీద హెచ్చరిక కనిపిస్తుంది. మంచి పద్ధతే కానీ, పరీక్షించానని చెప్పేదీ ప్లగిన్ రాసినవాడే కనుక అది సగం భరోసా మాత్రమే. మిగతా సగం వాడినవాళ్లు పూరించాలి. పదిమంది కూడా రాని చిన్న సైటులో నాలుగున్నర స్టార్లకు అర్థమేమీ ఉండదు. ‘విండోస్ 10, లిబ్రెఆఫీస్ 7.6లో పనిచేసింది’ అన్న ఒక్క వాక్యం వాటికన్నా ఎక్కువ చెబుతుంది.

వెతుకులాట సంగతీ ఇంతే. ఎవరూ ‘ప్రొడక్టివిటీ’ అని వెతకరు. ‘అను టు యూనికోడ్’ అని ఇంగ్లీషు అక్షరాల్లోనో, తెలుగులోనో కొడతారు. రెండింటికీ ఒకే ఫలితం రావాలి. ఫాంటు మార్చే ఎక్స్‌టెన్షన్ పేజీలో పొగడ్తల పేరా బదులు ఒక పెట్టె పెట్టి, మేటరును అందులో అతికించి చూసుకొనిస్తే చాలు. పెళ్లికార్డు మేటరులో ‘లక్ష్మి’లోని మకారం ఒత్తు జారి పక్కకు పోయిందా, ‘జ్యోత్స్న’ ముక్కలైందా అన్నది కంపోజింగ్ చేసేవాడు ఒక్క చూపులో పట్టేస్తాడు. స్క్రీన్‌షాట్లు ఆ పని చేయలేవు, ఎందుకంటే వాటికి రచయిత సరిగ్గా వచ్చిన పదాలనే ఎంచుకుంటాడు.

అనుమతుల విషయంలో సైటు మొహమాటపడకూడదు. తెలుగు టైపింగుకు సాయపడే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ అన్ని సైట్లలోని సమాచారాన్ని చదివే, మార్చే అనుమతి అడగవచ్చు. నెట్ సెంటర్లో దాని అర్థం వేరు: రోజంతా అక్కడ జనం ఆధార్ నంబర్లు కొడుతుంటారు, పరీక్షల దరఖాస్తులు నింపుతుంటారు, బ్యాంకు పాస్‌వర్డులు ఇస్తుంటారు. కనుక పేజీలో ‘ఈ కంప్యూటర్లో మీ కస్టమర్లు బ్రౌజర్‌లో టైపు చేసే ప్రతి అక్షరాన్నీ ఇది చూడగలదు’ అని నిక్కచ్చిగా రాయాలి. లిబ్రెఆఫీస్ ఎక్స్‌టెన్షన్లకైతే బ్రౌజర్లలో ఉన్నట్టు విడివిడిగా అనుమతులు అడిగే ఏర్పాటే లేదు. ఆ మాటా చెప్పాలి. తీసేయడం ఎలాగో కూడా ఇన్‌స్టాల్ బటన్ పక్కనే ఉండాలి.

ఇక చూసే దిక్కెవరన్న రెండో ప్రశ్న. మన జిల్లాల ఇంజనీరింగ్ విద్యార్థులు ఫైనలియర్ ప్రాజెక్టుగా ఇలాంటివి చక్కగా చేయగలరు; కానీ వైవా అయిపోయి, ఉద్యోగం బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో దొరికాక వాటి ముఖం చూసే తీరిక ఎంతమందికి ఉంటుంది? వాళ్లను తప్పుపట్టి లాభం లేదు, సైటే దీనికి దారి చూపాలి. వర్డ్‌ప్రెస్‌లో తన ప్లగిన్‌ను ఇక నడపలేననుకున్నవాడు ‘అడాప్ట్ మీ’ అని ట్యాగు తగిలించి, ఇంకొకరు చేపట్టేలా వదిలేయవచ్చు. ఆ సౌకర్యం ఇక్కడా ఉండాలి.

అయితే అప్పగింతలోనే అసలు ప్రమాదం ఉంది. ‘ది గ్రేట్ సస్పెండర్’ అనే క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌ను 20 లక్షల మందికి పైగా వాడేవారు. 2020లో దాని యాజమాన్యం చేతులు మారింది. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని హానికరమైన సాఫ్ట్‌వేర్‌గా తేల్చి తీసేసింది. వాడుకరుల్లో చాలామందికి ఓనరు మారిన సంగతే తెలియదు. కాబట్టి చేతులు మారిన ఎక్స్‌టెన్షన్ తర్వాతి అప్‌డేటును సైటు తనంతట తాను పంపించకూడదు. కొత్తవాళ్లు ఎవరో, కోడులో ఏం మార్చారో పేజీ మీద కొన్ని వారాలపాటు ఉంచి, వాడుతున్నవాళ్లు ‘సరే’ అని నొక్కాకే కొత్త వెర్షను వెళ్లాలి. నొక్కనివాళ్ల దగ్గర పాతదే ఉంటుంది, ఆ పాత ఫైలును సైటు నుంచి తొలగించకూడదు.