ఉచిత సాహితీసేవకులకు జేజేలు

గోదావరి జిల్లాల్లో పుస్తకం చదివేవాళ్లు లేరని ఎవరన్నారు? కొనేవాళ్లు లేరంతే.

ఒక రిటైర్డ్ మాస్టారు ద్రాక్షారామం నుంచి పాలకొల్లు దాకా శాసనాలు వెతుక్కుంటూ తిరిగి, పెన్షన్ డబ్బుతో 500 కాపీలు అచ్చేయించారు. వెల 250. ఆవిష్కరణ జరిగిన వారానికే పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది. చాలా శ్రద్ధగా చేసిన పని. పేజీ పేజీకీ మూల బొటనవేలు కనిపిస్తుంది. శాసన పాఠాలు అలికేసినట్టున్నా, 'సర్వహక్కులు రచయితవి' అన్న పేజీ మాత్రం అద్దంలా వచ్చింది. చట్టం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులు ఇచ్చింది. మనవాళ్లు అంతకాలం ఆగలేక, ఆయన ఉండగానే ఆ ముచ్చట తీర్చేశారు.

జ్ఞానం గోదావరి నీళ్లలాంటిది, దానికి వెలేమిటని ఒక పెద్దాయన వాదన. ఆయనకు కాలవ కింద పదెకరాలున్నాయి. నీటి తీరువా సంగతి నాకంటే ఆయనకే బాగా తెలియాలి.

పరిశోధకుల కష్టాల మీద కూడా ఈ సేవకులకు మహా జాలి. అందులో న్యాయం లేకపోలేదు. విదేశీ జర్నల్లో ఒక్క వ్యాసానికి రెండు మూడు వేలు అడుగుతారు. రాసినవాడికి అందులో పైసా రాదు. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ వరి మీద వ్యాసమైనా సరే, ఆ వరి పండించే ఊరి కుర్రాడు డబ్బు కట్టి చదవాల్సిందే. 2011లో కజకిస్తాన్ అమ్మాయి అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ ఆ వ్యాసాల్ని ఉచితంగా పంచే సై-హబ్ అనే వెబ్‌సైటు పెడితే పరిశోధకులు ఎగబడ్డారంటే ఊరికే కాదు. ప్రచురణ సంస్థలు దాని మీద 2020లో ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. తర్వాత కేంద్రం 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించి, ప్రభుత్వ విద్యాసంస్థలకు జర్నల్స్ అందుబాటులోకి తెచ్చింది. మాస్టారు ఏ సంస్థలోనూ లేరు. కాబట్టి ఆయన చదవాల్సినవి ఖరీదు, ఆయన రాసినవి ఉచితం. అత్త మీద కోపం దుత్త మీద చూపించడంలో మనకి సాటెవరు!

పాపం, గ్రూపువాళ్లు కృతజ్ఞత లేనివాళ్లు కాదు. తలా వందా వేసుకుని శాలువా, దండ, ఆత్రేయపురం పూతరేకులు తెచ్చి ఘనంగా సన్మానం చేశారు. ఆ డబ్బుతో పుస్తకాలు కొందామని ఎవరో అమాయకుడు అంటే, "అవెందుకండీ, మన దగ్గర ఉన్నాయిగా!" అని నోరు మూయించారట.

సభలో రెండో భాగం ఎప్పుడని అడిగారు. మొదటిదే కట్టలు కట్టలుగా మంచం కింద ఉందని మాస్టారు నసిగారు.

"ఇక అచ్చెందుకండీ గురువుగారూ? ఫైలే పంపేయండి. మాకు స్కానింగ్ బాధ తప్పుద్ది, ఆయ్!"