‘మనిషంటేనే భూమికి చీడ’ అనే డైలాగు గారికి

మహారాజశ్రీ డైలాగు గారికి, నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమంగా లేం, తమరు మాత్రం దిట్టంగా ఉన్నారని నిన్న మధ్యాహ్నమే కళ్లారా చూశాను.

మురుగు పైపు సంగతి తేల్చడానికి మీటింగు పెట్టుకున్నాం కదండీ. రెండు గంటలు గింజుకుని గింజుకుని, అసలా పైపుని చెరువులోకి వదిలిందెవరు, మళ్లించే ఖర్చెవరిది అనే దాకా లాక్కొచ్చాం, పేరు నోటి చివర దాకా వచ్చింది, సరిగ్గా అప్పుడే వెనక కుర్చీలోంచి తమరు వేంచేశారు. "ఏం చేసి ఏం లాభమండీ, మనిషి జాతే అంత!" అంతే, అందరూ తలలూపి కుర్చీలు మడిచేశారు. పైపు వేయించినాయన అందరికన్నా గట్టిగా నిట్టూర్చాడు! పొద్దున వెళ్లి చూస్తే పైపు మూతి దగ్గర బూడిద రంగు నురగ, అందులో ఒంటి చెప్పు గిరగిరా తిరుగుతోంది.

మీ దగ్గర సాక్ష్యాల్లేవని అనను. స్టెల్లర్ సముద్రపు ఆవు అనే భారీ సముద్ర జంతువు 1741లో శాస్త్రవేత్త కంటబడింది, 1768కల్లా ఒక్కటీ మిగల్లేదు. ఒప్పుకున్నా. కానీ వేటాడింది బొచ్చు వ్యాపారం ఓడలవాళ్లు, జాతి మొత్తం ఓడెక్కలేదు కదా. పెట్రోల్లో సీసం, ఫ్రిజ్జుల్లో ఓజోన్ పొరని తినేసే వాయువులైన సీఎఫ్‌సీలు, రెండింటి వెనకా ఉన్నది థామస్ మిడ్‌గ్లీ అనే ఒకే పెద్దమనిషి. ఆయన ఒంటికే సీసం విషం ఎక్కితే కొన్నాళ్లు సెలవు పెట్టి, తిరిగొచ్చి మళ్లీ ఏం ఫర్వాలేదనే చెప్పాడు. దాని మీద మా ముత్తవ్వ సంతకమేం పెట్టలేదండీ. ఆ సీఎఫ్‌సీలకి 1987లో మాంట్రియల్‌లో కూర్చుని బిరడా బిగించిందీ మనుషులే, ఓజోన్ పొర మెల్లగా కోలుకుంటోంది. ఆ మీటింగులో మీ మాట ఎవరూ వినలేదు, మన అదృష్టం. అమెజాన్‌లో ఎప్పటివాళ్లో బొగ్గూ ఎముకలూ కలిపి చేసిన నల్లమట్టి చుట్టుపక్కల నేలకన్నా ఇప్పటికీ సారంగా ఉంది. చీడ ఎక్కడన్నా ఎరువేస్తుందా?

మీ తమ్ముడు ‘ప్రకృతి పగ తీర్చుకుంటోంది’ గారి గురించి ఇంకోసారి రాస్తా. వరదొస్తే చాలు దిగిపోతాడు, మునిగేది మాత్రం ఏ పైపూ వేయించని వాళ్లు.

ఇన్నాళ్లూ మీది పశ్చాత్తాపం అనుకుని గౌరవించాను. కాదు, నువ్వు వకీలువి, పైపు వేయించినాయన ఫీజివ్వకుండా పెట్టుకున్న వకీలువి! నేరాన్ని ఎనిమిది వందల కోట్ల మందికి పంచేస్తే తలా చిటికెడు కూడా రాదని నీకు తెలుసు, అందుకే అంత బాధగా మాట్లాడతావు.

ఆదివారం మళ్లీ మీటింగు ఉంది. నువ్వు రాకు. ఆయనొక్కడొస్తే చాలు.

ఇట్లు,
ఆ చెప్పు తీసి గట్టున పడేసిన చీడ