తేలిన నరాలను తేలనివ్వండి

ముంజేతి మీద, అరచేతి వెనకవైపు నీలంగా, పచ్చగా తాళ్లలా ఉబికి కనిపించేవాటిని మనం నరాలంటాం. నిజానికి అవి సిరలు. మెదడు నుంచి కబుర్లు మోసే తీగలు వేరు, వాడేసిన రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే గొట్టాలు వేరు. రెంటికీ ఒకే పేరు పెట్టుకున్న పాపానికి, చెయ్యి చూపించుకుందామని నరాల డాక్టరు దగ్గరికి వెళ్లి, మీరు రావాల్సింది నా దగ్గరికి కాదనిపించుకుని వచ్చేవాళ్లున్నారు. అంతవరకైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ కాళ్లలో వెరికోస్ వెయిన్స్‌కి వాడే లేజరూ, ఇంజెక్షనూ ఇప్పుడు చేతుల మీదికి పాకాయి. నిక్షేపంగా పనిచేస్తున్న సిరను అందం కోసం మూసేసి, దాన్ని చికిత్స అంటున్నారు. ఆ మాట వాడటానికే నేను ఒప్పుకోను.

కాలి సంగతి వేరు. నిలబడి ఉన్నప్పుడు గుండె నుంచి చీలమండ దాకా ఉన్న రక్తం బరువంతా కింది సిరల మీద పడుతుంది. అక్కడి ఒత్తిడి 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ బరువు మోసిన కవాటాలు సడలితే రక్తం వెనక్కి జారుతుంది, సిర మెలికలు తిరుగుతుంది, కాలు బరువెక్కుతుంది, ముదిరితే పుండు పడుతుంది. అది జబ్బే, వైద్యం చేయించుకోవాల్సిందే. చెయ్యి గుండెకు దగ్గర. పైగా రోజులో ఎన్నోసార్లు పైకి లేస్తుంది. అందుకే చేతుల్లో అసలైన వెరికోస్ వెయిన్స్ చాలా అరుదు. మరి తేలడమెందుకంటే, చర్మం కింద కొవ్వు తక్కువ కావడం, వయసుతో చర్మం పల్చబడటం, ఎండ, వ్యాయామం, గర్భం, లేదంటే అమ్మానాన్నల పోలిక. బరువులెత్తేటప్పుడు కండ పొంగి, లోపలున్న సిరల్ని చర్మానికి ఆనిస్తుంది. అంతకుమించి రహస్యమేమీ లేదు.

ఈ సిరలను చూసి మనిషి ఒక పెద్ద సంగతి కనిపెట్టాడు. రక్తం శరీరమంతా చుట్టి వస్తుందని ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే 1628లో రాసినప్పుడు, అందుకు సాక్ష్యంగా చూపించింది జబ్బకు కట్టు కట్టి ఉబ్బేలా చేసిన ఒక ముంజేతినే. ఉబ్బిన సిరను వేలితో నొక్కి, రక్తాన్ని పైకి నెడితే అది మళ్లీ కిందికి దిగదు, కవాటం అడ్డుకుంటుంది. సిరలు బాగా తేలిన చెయ్యి అయితే ఎవరైనా ఇంట్లో కూర్చుని చేసి చూసుకోవచ్చు.

అసలు డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిన సందర్భాలు లేవా? ఉన్నాయి. ఒక్క చెయ్యే ఉన్నట్టుండి వాచి, నీలంగా మారి, నొప్పెట్టి, భుజం మీద, ఛాతీ మీద కొత్త సిరలు బయటపడితే ఆరోజే వెళ్లాలి. కాలరు ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య సిర నలిగి రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. బంతి విసిరేవాళ్లలో, ఈతగాళ్లలో, బరువులెత్తేవాళ్లలో ఇది కనిపిస్తుంది. రక్తం పారే తీరును చూపే డాప్లర్ స్కాన్‌తో చాలావరకు తెలిసిపోతుంది. రక్తం పలుచబడే మందులు నెలల తరబడి వాడాలి, కొందరికి ఆ పక్కటెముకే తీసేస్తారు. ముఖం, మెడ, రెండు చేతులూ కలిసి ఉబ్బితే ఛాతీలో పెద్ద సిరకు ఏదో అడ్డం పడిందేమో చూడాలి. సెలైన్ సూది పెట్టిన చోట తాడులా గట్టిపడి మండితే అది సిరకు వచ్చిన వాపు. వేడి కాపడం, నొప్పి మాత్రతో సాధారణంగా తగ్గుతుంది. ఇక్కడ ఒక్కటి గమనించండి. గడ్డ అడ్డుపడ్డప్పుడు భుజం మీద తేలే సిరలు రక్తం వెతుక్కున్న పక్కదారులు. అసలు రోడ్డు మూతబడి ఉంటే పక్కదారిలో రద్దీ బాగోలేదని దాన్నీ మూసేస్తామా? వైద్యం అడ్డుకే, ఉబ్బుకు కాదు.

అసలు నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టింది ఇదీ: చేతి సిర మనిషికి దాచుకున్న సొమ్ము లాంటిది. ఆస్పత్రిలో పడినరోజు రక్తం తీయాలన్నా, ఎక్కించాలన్నా, మందు పోయాలన్నా అదే గుమ్మం. సిర దొరకక నర్సు నాలుగోసారి పొడుస్తున్నప్పుడు ఆ మంచం మీద ఉన్నవాళ్లను అడగండి, తేలిన సిర విలువ చెబుతారు. కిడ్నీలు పాడైనవాళ్లకైతే అది ప్రాణంతో సమానం. 1966లో అమెరికా డాక్టర్లు బ్రెషియా, సిమినో, వాళ్ల సహచరులు మణికట్టు దగ్గర ధమనిని పక్కనున్న సిరకు కలిపి డయాలసిస్‌కు దారి చేసే పద్ధతిని ప్రకటించారు. ఇన్నేళ్లయినా, వీలున్నచోట మొదట చూసేది ఫిస్టులా అనే ఆ కలయిక వైపే. ఆపరేషన్ అయ్యాక డాక్టర్లు వారాల తరబడి దేనికోసం ఎదురుచూస్తారో తెలుసా? ఆ సిర లావెక్కి, ఉబ్బి, పైకి తేలడం కోసం! కిడ్నీ జబ్బు ముదురుతున్నవాళ్లను ముంజేతిలో సూదులు కూడా వేయించుకోవద్దని హెచ్చరిస్తారు, అంత భద్రంగా చూసుకోవాల్సిన సిర అది. కాలి బైపాస్‌కి కాలి సిర పనికిరానప్పుడు చేతి సిరనే తీసి వాడతారు. నలభై ఐదేళ్ల వయసులో అద్దం ముందు నిలబడి లేజరుతో కాల్పించుకున్న సిర, అరవైలో అడిగితే తిరిగి రాదు.

ప్రమాదాల చిట్టా చిన్నదేం కాదు. ముంజేతి సిరల పక్కనే, ఈసారి నిజంగా నరాలే, స్పర్శ తెలిపే సన్నని తీగలు పోతుంటాయి. వాటికి దెబ్బ తగిలితే తిమ్మిరి మిగులుతుంది. సిరను గట్టిపరిచే మందు పొరపాటున ధమనిలోకి వెళితే వేళ్లు కుళ్లే దాకా రావొచ్చు. ఆ మందుల్లో ఒకటైన పాలిడోకనాల్‌కు అమెరికాలో 2010లో దొరికిన అనుమతి కాళ్ల మీది సన్న సిరల వరకే. మచ్చలు పడటం మామూలు. ఇన్ని దాటుకున్నా, మూసిన సిరలో పారాల్సిన రక్తం పక్క సిరలోకి మళ్లుతుంది కనుక రేపు అది తేలొచ్చు.

నా ఒళ్లు నా ఇష్టం, ముఖానికి లేని అడ్డు చేతికెందుకు అంటారు కొందరు. నిజమే, చేతులు వయసును దాచలేవు, అది బాధించేవాళ్లను నేను వెక్కిరించను. అంతగా కావాలంటే చేతి వెనక ఫిల్లర్, అంటే చర్మం కింద నింపే పదార్థం, ఎక్కించుకునే దారి ఉంది; అక్కడ వాడేందుకు అమెరికాలో 2015లో ఒక ఫిల్లర్‌కు అనుమతిచ్చారు. దానికీ ఇబ్బందులున్నాయి, కొన్నాళ్లకు కరిగిపోతుంది. కాకపోతే సిర మిగిలే ఉంటుంది.

నా అసలు కోపం ఇంకాస్త పెద్దది. నరాల బలహీనత అనే మాటతో ఎన్నేళ్ల నుంచి ఎన్ని టానిక్కులు అమ్ముడుపోయాయో లెక్కలేదు. రోగం పేరు అస్పష్టంగా ఉన్నకొద్దీ సీసా మీద లేబులు స్పష్టంగా ఉంటుంది! ఇప్పుడు సీసా స్థానంలో లేజరు మిషన్ వచ్చింది. ఇంకో తమాషా చూడండి. జిమ్ములో కుర్రాడు ఇవే సిరలు తేలాలని పోటీ ముందు నీళ్లు మానేస్తాడు, కొందరైతే మూత్రం ఎక్కువయ్యే మాత్రలు మింగి ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. అదే వీధిలో ఆ కుర్రాడి తల్లి అవే సిరలు కనబడకూడదని అపాయింట్‌మెంట్ తీసుకుంటుంది. ఒకే సిర ఒక చేతి మీద పతకం, మరో చేతి మీద రోగం ఎలా అవుతుంది? నిర్ణయించింది శరీరమైతే కాదు. బట్టతల, తెల్లవెంట్రుక, కళ్లకింద ముడత ఒక్కొక్కటీ వైద్యం జాబితాలోకి ఎలా ఎక్కాయో చూశాం. ఆ జాబితాలో పేరు చేరాక తీసేయించడం ఎవరి తరమూ కాలేదు.

ఎవరైనా మీ చేతి సిరలకు ప్యాకేజీ చెప్పబోతే ముందు ఆ చేతిని తల కంటే పైకి ఎత్తి కాసేపు ఉంచండి. ఆరోగ్యంగా ఉన్న సిరలు చూస్తుండగానే చదునైపోతాయి. ఎత్తినా తగ్గకుండా అలాగే నిలిచి ఉంటే, వేలు పెడితే జుమ్మని అదురుతుంటే, అప్పుడు అడగాల్సింది లేజరు ధర కాదు, డాప్లర్ ఎప్పుడు తీస్తారని.