టీచర్లకు తీరిక ఇస్తే సిలబస్ పెరుగుతుంది

చివరి గంట కొట్టాక టీచరు ఏమవుతారు? ఒకటో తరగతి పిల్లవాణ్ణి అడగండి, తడుముకోకుండా చెబుతాడు. చాక్‌పీసుల డబ్బా, డస్టరు, మేడమ్, మూడింటినీ బీరువాలో పెట్టి తాళం వేస్తారు, మర్నాడు పొద్దున తీస్తారు. పెద్దయ్యాక మనం ఈ సిద్ధాంతానికి ఒక్క సవరణ చేసుకుంటాం. బీరువాలో ఏసీ ఉందని, సాయంత్రం నాలుగు నుంచి టీచరు అందులో కాళ్లు చాపుకుని కూర్చుంటారని. అంతకుమించి మన ఆలోచన ముందుకు సాగలేదు, సాగాల్సిన అవసరమూ లేదు.

ఈమధ్య కొందరు సహృదయులు బయల్దేరి, టీచర్లకూ బడి బయట ఒక బతుకు ఉంటుందనీ, దాన్ని తెలుసుకోవాలనీ, వీలైతే దానికి కాస్త సమయం మిగల్చాలనీ అంటున్నారు. ఉద్దేశం మంచిదే. చరిత్ర మాత్రం చదివినట్టు లేరు. బడి టీచరుకు తీరిక చిక్కితే ఏం జరుగుతుందో రుజువులతో సహా ఉంది: సిలబస్ పెరుగుతుంది.

ఓమ్ నియమం ఇచ్చిన జార్జ్ ఓమ్ సంగతి చూడండి. జర్మనీలోని కొలోన్‌లో బడి పంతులు. పాఠం చెప్పి ఇంటికి పోవచ్చు కదా? పోలేదు. బడి ల్యాబులో తీగలు ముందేసుకుని కూర్చున్నారు. 1827లో పుస్తకం అచ్చయింది. ఆ సాయంత్రాల ఫలితంగా కోట్లాది పిల్లలు వోల్టేజీని కరెంటుతో భాగించాలో, కరెంటును వోల్టేజీతో భాగించాలో తెలియక పరీక్ష హాల్లో ఫ్యాను వంక చూస్తున్నారు.

వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన సన్యాసి మెండెల్ ఇంకా నయం అనుకోవడానికి లేదు. టీచరు అర్హత పరీక్షకు 1850లో ఒకసారి, 1856లో ఒకసారి కూర్చున్నారు, రెండుసార్లూ గట్టెక్కలేదు. అయినా ఇప్పటి చెక్ దేశంలోని బ్రనోలో తాత్కాలిక టీచరుగా పాఠాలు చెబుతూనే ఉన్నారు. రెండోసారి తప్పిన ఏడాదే మఠం తోటలో బఠాణీ మొక్కలతో ప్రయోగాలు మొదలుపెట్టి, 1863 దాకా సుమారు 28 వేల మొక్కలు పెంచి లెక్కపెట్టారు. పరీక్ష తప్పినవాడు పగబట్టి మిగతా లోకానికంతటికీ పరీక్ష పెట్టడమంటే ఇదే. రెండో తరం మొక్కల్లో ఒక లక్షణం మూడింటికి, దాని ఎదురు లక్షణం ఒకదానికి వచ్చే 3:1 నిష్పత్తి అక్కడినుంచి వచ్చింది.

అన్నిటికన్నా బాధ కలిగించేది బామర్ కేసు. స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో ఆడపిల్లల బడిలో లెక్కల మాస్టారు. అరవై ఏళ్లు వచ్చాయి. ఆ వయసులో మనిషి ఏం చేయాలి? ఆయన మాత్రం హైడ్రోజన్ వెలుగులో కనిపించే నాలుగు గీతల కొలతలు, అంటే 656, 486, 434, 410 నానోమీటర్లు, ముందేసుకుని వీటి వెనక ఏదో లెక్క ఉండాలని పట్టుబట్టారు. చివరికి 364.56 దగ్గర దొరికింది. దాన్ని 9/5తో హెచ్చిస్తే 656. 4/3తో హెచ్చిస్తే 486. 25/21తో 434, 9/8తో 410. ఆ భిన్నాలు ఎక్కడివంటే, 3, 4, 5, 6 అంకెలను ఒక్కొక్కటిగా తీసుకుని వర్గం చేసి, అదే వర్గంలోంచి 4 తీసేసినదానితో భాగించాలి. 1885లో ప్రకటించారు. ఎందుకలా వస్తోందో ఆయనకూ తెలియదు, ఇంకెవరికీ తెలియదు. 1913లో నీల్స్ బోర్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు వచ్చి కారణం చెప్పేదాకా ఇరవై ఎనిమిదేళ్లు భౌతిక శాస్త్రజ్ఞులంతా ఒక బడి పంతులు ఇచ్చిన హోంవర్కు చేయలేక తలలు పట్టుకున్నారు. ఆ రోజుల్లో ఆయనకు ఇంకో రెండు సెక్షన్లు అప్పజెప్పి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

జర్మనీ లెక్కల మాస్టారు వైర్‌స్ట్రాస్‌కు అలా అప్పజెప్పారు కూడా. లెక్కలతోపాటు వృక్షశాస్త్రం, భూగోళం, చరిత్ర, చేతిరాత, ఆఖరికి వ్యాయామం కూడా చెప్పించారు. పన్నెండేళ్లకు పైగా చెప్పించినా మనిషి లొంగలేదు. 1854లో ఒక వ్యాసం అచ్చేయించి ఏకంగా విశ్వవిద్యాలయం చేత గౌరవ డాక్టరేటు ఇప్పించుకున్నారు. రష్యాలో కలూగా అనే ఊళ్లో పాఠాలు చెప్పుకునే సియొల్కోవ్‌స్కీ 1903లో రాకెట్టుకు సమీకరణం రాశారు. అప్పటి జర్మన్ ఊరు స్టెటిన్‌లో బడి పంతులు గ్రాస్‌మన్ ఉన్న లెక్కలు చాలవన్నట్టు సదిశలను (వెక్టర్లను) కొత్త దారి పట్టించి, అదీ చాలక ఋగ్వేదానికి నిఘంటువు తయారుచేశారు. ఇలాంటి వాళ్లను సాయంత్రాలు ఖాళీగా వదిలేయడం ఎంత బాధ్యతారాహిత్యం!

అందుకే సమాజం ఒక ఉపాయం కనిపెట్టింది. దాని పేరు పేపర్లు దిద్దడం.

లెక్క సులువు. ఒక టీచరుకు ఐదు సెక్షన్లు, సెక్షనుకు నలభై మంది. 200 పేపర్లు. పేపరుకు నాలుగు నిమిషాలు వేసుకున్నా 800 నిమిషాలు, అంటే 13 గంటల 20 నిమిషాలు. ఇందులో లేచి నడుం విరుచుకోవడం కలపలేదు. ‘మిగతా జవాబు వెనక పేజీలో’ అని బాణం గుర్తు వేసి, వెనక పేజీలో ‘మొదటి భాగం ముందు పేజీలో’ అని రాసే పిల్లలకు పట్టే సమయమూ కలపలేదు.

అనుభవం లేనివాళ్లు పేపరు తీసి మొదటి ప్రశ్న నుంచి చివరిదాకా దిద్ది పక్కన పెడతారు. ఫలితం ఏమిటంటే మొదటి పది మందికి హరిశ్చంద్రుడి తీర్పు, చివరి పది మందికి కర్ణుడి దానం. తెలిసినవాళ్లు అందరి మొదటి ప్రశ్నా ఒకేసారి దిద్దేస్తారు, కట్టను కలిపేసి, అప్పుడు రెండో ప్రశ్న పడతారు. జవాబు మనసులో తాజాగా ఉంటుంది, కొలత మారదు, అలసట ఒకే పిల్లవాడి నెత్తిన పడదు. అట్ట ముందే వెనక్కి మడిచేస్తారు, పేరు కనబడకుండా. పేరు కనబడితే నిన్న వాడు చేసిన అల్లరి కూడా కనబడుతుంది.

అసలు ప్రమాదాలు దిద్దడంలో కంటే కూడికలో ఉంటాయి. లోపలి అర మార్కు అట్ట మీదికి ఎక్కదు. రెండు పేజీలు అతుక్కుపోతాయి. అడిషనల్ షీటుకు దారం ఊడి అది పక్కవాడి పేపర్లో దూరుతుంది. అట్ట మీది 68 లిస్టులో 86 అవుతుంది. ఈ చివరిదాన్ని పట్టుకోవడానికి పాత చిట్కా ఒకటుంది. రెండు మొత్తాల మధ్య తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడితే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయేమోనని ముందు అక్కడే వెతకాలి. 86లోంచి 68 పోతే 18. దీన్ని వెతుక్కుంటూ రాత్రి పదకొండు దాటిస్తే రాకెట్టు గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది?

అంతర్జాతీయంగా మనకు ఒక్క అడ్డంకి ఉంది. 1966లో ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ), యునెస్కో కలిసి ఉపాధ్యాయుల స్థాయి గురించి ఒక సిఫార్సు పత్రం తెచ్చాయి. బోధన గంటలు నిర్ణయించేటప్పుడు పాఠం తయారీకీ, పిల్లల పనిని మదింపు చేయడానికీ పట్టే సమయాన్ని లెక్కలోకి తీసుకోవాలని అందులో రాసిపెట్టారు. ఆ పత్రం పుట్టిన రోజనే 1994 నుంచి అక్టోబరు 5న ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం జరుపుతున్నారు. మనం చేయాల్సిందల్లా ఆ రోజు పూలగుత్తి ఇచ్చి, పాటలు పాడించి, పత్రంలో ఏముందో చదివే అవకాశం లేకుండా చూసుకోవడం. ఇంతవరకూ బాగానే జరుగుతోంది.

ఇక బడి బయట టీచరు తారసపడితే గుర్తుపట్టడం ఎలా? ప్రతి వాక్యం రెండుసార్లు చెప్పేవారు, రెండోసారి చివర ‘అర్థమైందా’ చేర్చేవారు, హోటల్లో మెనూ చేతికిస్తే ముందు అక్షర దోషాలు చూసేవారు. ఇంట్లో మాత్రం మాట తక్కువ. కోపం కాదు. చుట్టూ గోల పెరిగితే మనిషి గొంతు తనకు తెలియకుండానే పెరుగుతుంది. ఎత్యేన్ లోంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లో చెప్పిన సంగతి ఇది. నలభై మంది గుసగుసల మీదుగా రోజుకు ఐదారు పీరియడ్లు అరిచిన స్వరతంత్రులకు సాయంత్రానికి కావాల్సింది మౌనం. గొంతు గట్టిగా సవరించుకుంటే అవి ఒకదానికొకటి కొట్టుకుని ఇంకా చెడతాయి, గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకోవడమూ పొరపాటే. కుటుంబ సభ్యులు దీన్ని అలక అనుకుని బుజ్జగించబోతారు. దానికీ జవాబు చెప్పాలి కాబట్టి గొంతు మళ్లీ పోతుంది.

పాత టీచరు కనబడితే చాలామంది ఎదురెళ్లి, నవ్వుతూ, ‘నన్ను గుర్తుపట్టారా సార్’ అంటారు. ఇది పలకరింపు కాదు, ముందస్తు నోటీసు లేని మౌఖిక పరీక్ష. ఏడాదికి 150 కొత్త ముఖాలు, ముప్ఫై ఏళ్ల సర్వీసు, 4,500 మంది. అందరూ అప్పటికి మీసాలు లేనివాళ్లు. ఆయనకు మీరు మూడో బెంచీ కిటికీ పక్కన కూర్చునేవారని తెలుసు, ‘ష’ బదులు ‘శ’ రాసేవారని తెలుసు, పేరు మాత్రం రావడం లేదు. పేరు, ఏ ఏడాది, ఏ సెక్షను, ఈ మూడూ ఒక్క గుక్కలో మీరే చెప్పేయండి. ఆయన ముఖం వెలిగిపోతుంది. ఆ తర్వాత కొడుకు ట్యూషన్ ప్రస్తావన తేకుండా అక్కడినుంచి కదలగలిగితే మీరు బాగా చదువుకున్నట్టు లెక్క.

చివరగా ఒక హెచ్చరిక. కట్ట అయిపోయాక, ఎర్ర పెన్నుకు మూత పెట్టాక, ఎవరైనా టీచరు మిగిలిన తెల్ల షీటు వెనక్కి తిప్పి పెన్సిలుతో ఏదో గీస్తున్నట్టు కనబడితే తాత్సారం చేయకండి. అవి మార్కులు కావు. ఏదో బాణం ఉంటుంది, ఒక భిన్నం ఉంటుంది, పక్కన ప్రశ్నార్థకం ఉంటుంది. వెంటనే ఒక సర్క్యులర్ పంపించండి. రేపు పొద్దున పది గంటల్లోగా, మూడు కాపీల్లో.